నల్ల డ్రెస్ వేసుకున్నోడే గెలుస్తాడా? గేమ్ స్కిన్‌ల మీద అపోహలు - వాస్తవాలు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో నాకో చిన్న గేమింగ్ కెఫే ఉంది. వీలైనప్పుడల్లా ఆదివారం పూట టోర్నమెంట్ పెడతాను. కావలి, ఆత్మకూరు, అప్పుడప్పుడు ఒంగోలు నుంచి కూడా పిల్లలు వస్తారు. ఆటలో మావాళ్లు మాత్రమే ఆడే రూమ్ తెరవడం, దాని ఐడీ పాస్‌వర్డ్ ఇవ్వడం, కిల్స్ (ఎవరు ఎంతమందిని పడగొట్టారో) లెక్క రాయడం, ఆట అయ్యాక తగవు తీర్చడం నా పని. ఈమధ్య ఆ తగవులు ఎక్కువగా డ్రెస్‌ల దగ్గరే వస్తున్నాయి. డ్రెస్ అంటే ఆటలో మన పాత్రకు వేసే బట్టలు. పాత్రకైనా తుపాకీకైనా ఇలా మార్చుకునే రూపాన్నే స్కిన్ అంటారు.

అపోహ: డ్రెస్ అంటే ఉత్త షోకు. ఆటలో దానివల్ల తేడా ఏమీ రాదు.

వాస్తవం: నేనూ చాలాకాలం ఇదే చెప్పి పిల్లల నోరు మూయించా. పోయిన వేసవిలో బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే తుపాకీల ఆట) ఫైనల్ అయ్యాక కావలి కుర్రాడొకడు వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. "యాడ నుంచి కొట్టాడో కనపడలా అన్నా, మీరే చూడండి" అన్నాడు. రికార్డింగ్ నాలుగుసార్లు తిప్పి తిప్పి చూశాం. ఇంట్లో మెట్ల కింద నీడ. ఆ నీడలో నల్ల హుడీ, నల్ల ప్యాంటు, నల్ల మాస్కు. తుపాకీ మెరిసేదాకా అక్కడ మనిషి ఉన్నాడని నాకే తెలీలేదు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి చూస్తే గానీ భుజం అంచు కనపడలేదు.

ఇది మన ఊరి గోల మాత్రమే కాదు. కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్ అనే తుపాకీల ఆటలో రోజ్ అనే పాత్రకు ఒళ్లంతా నల్లగా ఉండే స్కిన్ ఒకటి వచ్చింది. చీకటి మూలల్లో అది కనపడక జనం గగ్గోలు పెడితే 2021లో కంపెనీ దాన్ని సరిచేసింది. అదే ఆటల వరసలో 2023 నవంబరులో చెట్టుకొమ్మల్లాంటి ఒళ్లున్న ఇంకో స్కిన్‌ను కొన్నాళ్లు ఆపేశారు. కొమ్మల సందుల్లోంచి వెనక గోడ కనపడుతుంటే గురి ఎక్కడ పెట్టాలి? కౌంటర్ స్ట్రైక్ అనే ఇంకో ఆటలో 2019లో ఏజెంట్ స్కిన్‌లు (పాత్రల రూపాలు) వచ్చినప్పుడు కూడా గోడల రంగులో కలిసిపోతున్నారని ఇదే గొడవ.

క్రికెట్ చూసేవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. తెల్ల బంతి మ్యాచ్‌లో బౌలర్ చేతికి తెల్ల రిస్ట్‌బ్యాండ్ ఉంటే తీసెయ్యమంటారు. సైట్ స్క్రీన్ ముందు ఎవరైనా కదిలితే బ్యాట్స్‌మన్ ఆట ఆపేస్తాడు. చూపు మీద నడిచే ఆటలో రంగు కూడా ఆటలో భాగమే.

అపోహ: డబ్బు పెట్టి స్కిన్ కొంటే బుల్లెట్ గట్టిగా తగులుతుంది.

వాస్తవం: ఏ ఆట, ఏ స్కిన్ అని ముందు అడగాలి. వాలరెంట్ అనే తుపాకీల ఆటలో తుపాకీ స్కిన్ ఎంత ఖరీదైనదైనా దెబ్బ మారదు. శబ్దం, మెరుపులు మారతాయి, చేతికి ఊపొచ్చినట్టు అనిపిస్తుంది, అంతే. ఫ్రీ ఫైర్ సంగతి వేరు. అందులో చాలా గన్ స్కిన్‌లకు ప్లస్‌లు, మైనస్‌లు ఉంటాయి. ఒకదానికి కాల్చే వేగం పెరిగితే ఇంకోదానికి దెబ్బ పెరుగుతుంది. అది షోకు కాదు, ఆయుధం. అందుకే నాలాంటివాళ్లు తెరిచే కస్టమ్ రూమ్‌లో గన్ ఆట్రిబ్యూట్స్, అంటే ఆ ప్లస్‌లు మైనస్‌లు, ఆఫ్ చేసే వీలు పెట్టారు. ఒకసారి ఆఫ్ చేయడం మర్చిపోయా. ఆత్మకూరు టీమ్ పట్టుకుంది. తప్పు నాది కాబట్టి మ్యాచ్ మొత్తం మళ్లీ ఆడించా. తెప్పించిన దోసెలు చల్లారిపోయాయి, గెలిచిన టీమ్ నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

అపోహ: లావుపాటి డ్రెస్ వేస్తే బుల్లెట్లు ఎక్కువ తగులుతాయి.

వాస్తవం: బుల్లెట్ తగిలిందా లేదా అని ఆట చూసేది లోపలున్న హిట్‌బాక్స్‌ను, అంటే డ్రెస్ కింద కంటికి కనపడని ఒంటి ఆకారాన్ని. మామూలుగా అది అందరికీ ఒకటే. రెక్కలకు, టోపీ కొమ్ములకు కొడితే గాలికి కొట్టినట్టే. కాకపోతే మన పాత్రను వెనక నుంచి చూసే ఆటల్లో పెద్ద డ్రెస్ మన స్క్రీన్‌కే అడ్డం వస్తుంది. ఫోర్ట్‌నైట్‌లో గట్టిగా ఆడేవాళ్లు సన్నటి పాత్రలను ఎంచుకునేది అందుకే.

అపోహ: పచ్చ డ్రెస్ వేసుకుని గడ్డిలో పడుకుంటే ఎవరికీ దొరకం.

వాస్తవం: దగ్గరగా వచ్చినవాడికి దొరక్కపోవచ్చు. దూరం నుంచి స్కోప్‌లో చూసేవాడి ఫోన్ ఆ గడ్డిని అసలు గీయదు. నువ్వు గడ్డిలో దాక్కున్నా అనుకుంటావు, వాడికి ఉత్త నేల మీద బోర్లా పడుకుని కనపడతావు. ఒళ్లంతా ఆకులుండే గిల్లీ సూట్ మీద మాత్రం నాకు పేచీ లేదు. అది ఎయిర్‌డ్రాప్‌లో (ఆట మధ్యలో విమానం జారవిడిచే పెట్టెలో) పడుతుంది, పరిగెత్తి తెచ్చుకున్నవాడిదే. జేబులో డబ్బుతో దానికి పనిలేదు.

అపోహ: నా డ్రెస్ అందరి ఫోన్లలోనూ ఒకేలా కనపడుతుంది.

వాస్తవం: స్కిన్ ఫైళ్లు డౌన్‌లోడ్ చేయని ఫోన్‌లో చాలావరకు మామూలు డ్రెస్సే కనపడుతుంది. స్టోరేజీ చాలక ఫైళ్లు తీసేసిన పిల్లాడు నీ ఖరీదైన సూట్ చూడనే చూడడు. ఒకే మ్యాచ్‌లో ఒకడికి కనపడినవాడు ఇంకొకడికి కనపడడు. నన్నడిగితే అసలు గొడవ ఇక్కడుంది.

అపోహ: ఇన్ని తలనొప్పులు ఉన్నాయి కాబట్టి డ్రెస్‌లన్నీ బ్యాన్ చేస్తే సరి.

వాస్తవం: మన ఒంగోలు ఎడ్ల బండలాగుడు చూడండి. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగు పళ్లా అని నోరు తెరిచి చూసి విభాగం తేలుస్తారు. కొమ్ములకు ఏ రంగు పూశావు, మెడలో ఎన్ని గజ్జెలు కట్టావు అని ఎవరూ అడగరు, ఎందుకంటే రంగు బండను లాగదు. పిల్లలకు డ్రెస్ మీదున్న మోజు కూడా ఆ గజ్జెల మోజులాంటిదే. దాన్ని తీసేస్తే సగం మంది టోర్నమెంట్‌కే రారు.

దీనికి దారి ఎప్పుడో దొరికింది. గిల్డ్ వార్స్ 2 అనే ఆటలో ఎదుటివాళ్లందరినీ మామూలు రూపంలో చూసుకునే సెట్టింగ్ ఉంది. వాడు బంగారు కవచం వేసుకున్నా, వాడి స్క్రీన్‌లో వాడికి అది కనపడుతుంది, నా స్క్రీన్‌లో నాకు మామూలు మనిషి కనపడతాడు. వాలరెంట్ అయితే పాత్రలకు డ్రెస్‌లే పెట్టలేదు, తుపాకీలకే స్కిన్‌లు. నా ఓటు మొదటిదానికి. నువ్వు నీకెట్లా కనపడాలో నీ ఇష్టం, నాకెట్లా కనపడాలో నాకు వదిలెయ్. పక్కవాడు చూడనప్పుడు డ్రెస్ ఎవడు కొంటాడని కంపెనీలు అనొచ్చు. లాబీలో (మ్యాచ్ మొదలయ్యే ముందు అందరూ చేరే చోట) చూపించండి, గెలిచాక డ్యాన్స్ చేసేటప్పుడు చూపించండి. కాల్చుకునే ఆ కాసేపు వద్దంటున్నా, అంతే.

ఆ సెట్టింగ్ మా పిల్లలు ఆడే ఆటల్లోకి వచ్చేదాకా నా కెఫేలో రూలు ఇది: తల నుంచి కాలిదాకా ఒకే ముదురు రంగు కుదరదు. మ్యాచ్‌కు ముందు లాబీలో ప్రతి టీమ్‌కూ స్క్రీన్‌షాట్ తీసుకుంటా. మిగతాది ఎవరిష్టం వాళ్లది. మొన్నొకడు గులాబీ రంగు కుందేలు డ్రెస్‌లో వచ్చి 11 కిల్స్ కొట్టాడు.

రూలు గ్రూపులో పెట్టిన రాత్రి కావలి కుర్రాడు ఫోన్ చేశాడు. అప్పుడు నా ముందు ఫోన్ పెట్టి గొడవ చేసినవాడే. "అన్నా, ఫైనల్ ఓడిపోయాక నేనూ ఆ నల్ల డ్రెస్సే కొన్నా. ఇప్పుడేం చెయ్యను?" అన్నాడు. లాబీలో వేసుకో అన్నా.