శ్రీహరికోట ఎందుకు, కులశేఖరపట్నం ఎందుకు?

తమిళనాడులో తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నం దగ్గర కొత్త రాకెట్ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న ప్రధాని శంకుస్థాపన చేశారు. అప్పటి నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు ఒక మాట వినిపిస్తూనే ఉంది: "మన షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) తమిళనాడుకు పోతోందా?" ఏడాది తిరక్కముందే, 2025 జనవరి 16న, శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కు కేంద్ర కేబినెట్ 3,984.86 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దాంతో అనుమానం కాస్త తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇక్కడ వేల కోట్లు పెడుతున్నప్పుడు అక్కడ ఇంకొకటి ఎందుకు అన్న ప్రశ్న అలాగే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే శ్రీహరికోటను మొదట ఎందుకు ఎంచుకున్నారో చూడాలి.

మన దేశంలో అంతరిక్ష ప్రయోగాలు కేరళలోని తుంబాలో మొదలయ్యాయి. 1963 నవంబర్ 21న అక్కడి నుంచి ఒక చిన్న సౌండింగ్ రాకెట్ ఎగిరింది. భూ అయస్కాంత మధ్యరేఖ ఆ ఊరికి దగ్గరగా పోతుంది కాబట్టి పై వాతావరణాన్ని పరిశీలించడానికి తుంబా చక్కగా సరిపోయింది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాలంటే మాత్రం అది పనికిరాదు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కనుక రాకెట్‌ను తూర్పుకు వదిలితే ఆ వేగం ఊరికే కలిసొస్తుంది. తుంబా పడమటి తీరంలో ఉంది. అక్కడ నుంచి తూర్పుకు వదిలితే కాలిపోయి విడిపోయే రాకెట్ భాగాలు, అంటే దశలు, కేరళ, తమిళనాడు ఊళ్ల మీద పడతాయి.

అందుకే మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ తూర్పు తీరం వైపు చూశారు. స్థలం వెతికే పని ఆయన సహచరుడు ఏక్‌నాథ్ చిట్నిస్ మీద పడింది. 1969లో శ్రీహరికోట ఖరారైంది. మ్యాపు ముందు పెట్టుకుంటే కారణం వెంటనే తెలుస్తుంది. తూర్పున బంగాళాఖాతం, పడమర పులికాట్ సరస్సు, మధ్యలో కదురు ఆకారంలో దీవి. జనం తక్కువ, అడవి ఎక్కువ. తూర్పుకు వదిలిన రాకెట్ కింద చాలా దూరం సముద్రమే. ఉత్తరంగా 13.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి భూమి తిరిగే వేగంలో సెకనుకు దాదాపు 450 మీటర్లు రాకెట్‌కు ముందే చేతికొస్తాయి. అమెరికాలోని కేప్ కెనావెరాల్ 28.5 డిగ్రీల మీద ఉంది, అక్కడ వచ్చేది 408 మీటర్లే. దిగువ కక్ష్యకు సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైన వేగం కావాలి కనుక ఈ తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ రాకెట్ ఇంజనీర్లు చివరి పది మీటర్ల కోసం కూడా నెలలు కష్టపడతారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మ్యాపులో ఖాళీగా కనిపించిన ఆ దీవి ఖాళీ కాదు. యానాదులు అనే గిరిజనులు తరతరాలుగా అక్కడే బతికారు. 1835లో బ్రిటిష్ ప్రభుత్వం దీవిని చేతుల్లోకి తీసుకునేనాటికే వాళ్లు అక్కడున్నారు. తేనె, కుంకుడుకాయలు, ముషిణి గింజలు, అద్దకానికి ఎర్ర రంగునిచ్చే చిరివేరు అడవిలో ఏరి ఇచ్చి, బదులుగా గింజలు, బట్ట తీసుకునేవాళ్లు. శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల దాకా వెళ్లేవి. రాకెట్ కేంద్రం కోసం 43 వేల ఎకరాలకు పైగా తీసుకున్నప్పుడు దీవిలోని ఊళ్లు లేచిపోయాయి. చాలామంది అవతలి గట్టుకు చేరారు, కొన్ని యానాది కుటుంబాలు దీవిలోనే కేంద్రం నీడలో ఉండిపోయాయి. మన అంతరిక్ష చరిత్ర చెప్పేటప్పుడు తుంబాలో బిషప్ తన చర్చిని ఇచ్చిన కథ అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. శ్రీహరికోట యానాదుల పేరు మాత్రం ఒక వాక్యంలో దాటిపోతుంది. అడవిలో ఏ చెట్టు వేరు ఎందుకు పనికొస్తుందో తెలిసిన మనుషులకు ఆ అడవే గేటు అవతలిదైపోయింది. ఇది కూడా మన రాకెట్ల ఖర్చులోనే రాయాల్సిన పద్దు.

1971 అక్టోబర్ 9న ఆర్‌హెచ్-125 అనే చిన్న రాకెట్‌తో కేంద్రం పని మొదలుపెట్టింది. మూడు నెలలు నిండకముందే, డిసెంబర్ 30న, సారాభాయ్ కన్నుమూశారు. తాను ఎంచుకున్న దీవి నుంచి ఉపగ్రహం ఎగరడం ఆయన చూడలేదు. 1979 ఆగస్టు 10న ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టడానికి తయారుచేసిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటిసారి ఎగిరి సముద్రంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం, ఇస్రో అధిపతి సతీశ్ ధావన్. 1980 జులై 18న రెండో ప్రయత్నంలో రోహిణి ఉపగ్రహం కక్ష్యకు చేరింది. ఆ తర్వాత వచ్చిన రాకెట్లలో ఏఎస్‌ఎల్‌వీ రెండుసార్లు దెబ్బతింది, పీఎస్‌ఎల్‌వీ మొదటిసారి విఫలమై 1994 అక్టోబర్‌లో గెలిచింది. 2002లో ధావన్ పోయాక కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. ఊళ్లో మాత్రం ఇప్పటికీ అది షారే.

అసలు చిక్కు పీఎస్‌ఎల్‌వీతోనే మొదలైంది. ఆ రాకెట్‌ను తయారుచేసింది ధ్రువ కక్ష్య కోసం. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలు ఉత్తర దక్షిణాలుగా తిరగాలి, అప్పుడే కింద భూమి తిరుగుతూ ఉంటే రోజుల్లో ప్రపంచమంతా వాటి కంటి కిందికి వస్తుంది. అలా తిరగాలంటే రాకెట్‌ను దక్షిణానికి వదలాలి. శ్రీహరికోటకు దక్షిణాన చెన్నై, ఆ తర్వాత తమిళనాడు తీరం, ఆ కింద శ్రీలంక. కాలిన దశలు వాటి మీద పడకూడదు కదా. అందుకని పీఎస్‌ఎల్‌వీ మొదట 140 డిగ్రీల దిశలో, అంటే ఆగ్నేయం వైపు, సముద్రం మీదికి వెళ్తుంది. శ్రీలంక ప్రమాదం దాటాక కుడివైపుకు మళ్లి దక్షిణం పట్టుకుంటుంది. దీన్ని డాగ్‌లెగ్ అంటారు. అంత వేగంతో పోతున్న రాకెట్‌ను పక్కకు తిప్పడమంటే ఇంధనం ఖర్చు, ఇంధనం ఖర్చంటే మోసే బరువులో కోత.

320 టన్నుల పీఎస్‌ఎల్‌వీ ఆ కోతను తట్టుకుంది. ముప్పై ఏళ్లుగా తట్టుకుంటూనే ఉంది. కానీ 2022లో ఎస్‌ఎస్‌ఎల్‌వీ వచ్చింది. 34 మీటర్ల ఎత్తు, 120 టన్నుల బరువు, 500 కిలోల ఉపగ్రహాన్ని 500 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చే చిన్న రాకెట్. లారీలోంచి ఒక బస్తా దించితే పెద్ద లెక్కేం కాదు, సైకిల్ మీది ఒక్క బస్తా దించేస్తే ఇక మిగిలేదేముంది? మలుపు తిరగడానికి అయ్యే ఖర్చు ఎస్‌ఎస్‌ఎల్‌వీ మోయగలిగే బరువులో చాలా పెద్ద భాగాన్ని తినేస్తుంది. చిన్న ఉపగ్రహాల వ్యాపారం నడిచేదే కిలోకు ఇంత అన్న ధర మీద. అక్కడ ఈ నష్టం భరించలేనిది.

కులశేఖరపట్నం దాదాపు దేశం కొసన, శ్రీలంకకు పడమరగా ఉంది. అక్కడ నుంచి దక్షిణానికి వదిలితే దారి పొడుగునా నీళ్లే. మలుపు అక్కర్లేదు. సుమారు 2,233 ఎకరాల్లో అక్కడ కడుతున్నది ప్రధానంగా ఎస్‌ఎస్‌ఎల్‌వీ కోసమే, ప్రైవేటు కంపెనీల చిన్న రాకెట్ల కోసమే. అంతకంటే పెద్ద పనికి అది తయారవడం లేదు.

పెద్ద రాకెట్లు ఇక్కడే ఉంటాయి. దానికి అక్షాంశం ఒక్కటే కారణం కాదు. ఇస్రో భారీ రాకెట్ ఎల్‌వీఎం3కి రెండు పక్కలా కట్టే ఒక్కో బూస్టర్‌లో దాదాపు 200 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది, దాన్ని కలిపి పోసేది శ్రీహరికోటలోని ప్లాంటులోనే. ఆ పని ఎంత ప్రమాదకరమో 2004 ఫిబ్రవరి 23న తెలిసింది. ఆ రోజు ఘన ఇంధనం మంటల్లో 6 మంది చనిపోయారు. అంత ఇంధనాన్ని రోడ్డు మీద వందల కిలోమీటర్లు తీసుకుపోవడం ఎవరూ కోరుకోరు. చంద్రయాన్-3ని 2023 జులై 14న మోసుకెళ్లింది ఎల్‌వీఎం3యే, గగన్‌యాన్‌లో మనుషులను మోయాల్సింది కూడా అదే. అది ఎగిరేది రెండో ప్యాడ్ నుంచే. 2005లో మొదలైన ఆ ప్యాడ్‌కు ఏదైనా అయితే ఎల్‌వీఎం3కి ఇంకో చోటు లేదు. ఇది ఇస్రోకు పెద్ద టెన్షనే. మూడో ప్యాడ్ ఆ లోటు తీర్చడంతో పాటు, దిగువ కక్ష్యకు 30 టన్నులు మోసే కొత్త తరం రాకెట్‌కు వేదిక అవుతుంది. ఆ రాకెట్‌కు 2024 సెప్టెంబర్‌లో కేబినెట్ 8,240 కోట్లు కేటాయించింది. ప్యాడ్‌కు పెట్టిన గడువు 48 నెలలు.

ఈలోగా విధానం కూడా మారింది. 2020లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచారు, 2023లో భారత అంతరిక్ష విధానం వచ్చింది. హైదరాబాద్ సంస్థ స్కైరూట్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచే విక్రమ్-ఎస్ రాకెట్‌ను వదిలింది. చెన్నై సంస్థ అగ్నికుల్ ఇక్కడే సొంత ప్యాడ్ కట్టుకుని 2024 మే 30న ప్రయోగం చేసింది. పీఎస్‌ఎల్‌వీని కలిపి బిగించే కొత్త కట్టడంతో ఏడాదికి 6 ప్రయోగాలను 15 దాకా పెంచవచ్చని ప్రభుత్వం చెప్పింది. 2025 జనవరి 29న ఎన్‌వీఎస్-02 అనే నావిగేషన్ ఉపగ్రహంతో శ్రీహరికోట వందో ప్రయోగం పూర్తయింది. రాకెట్ తన పని చేసింది, ఉపగ్రహం మాత్రం అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది.

కాబట్టి షార్ ఎక్కడికీ పోవడం లేదు, పైగా పని పెరుగుతోంది. మనం అడగాల్సిన ప్రశ్న అక్కడ మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిసింది. జిల్లా పేరు ఏదైనా, పులికాట్ గట్టున బతుకు అదే. ప్రయోగం రోజు అటకానితిప్ప దగ్గర నిలబడితే ముందు వెలుగు లేస్తుంది, రోడ్డు మీద జనం కేకలేస్తారు, మోత ఆ తర్వాత గానీ రాదు. సూళ్లూరుపేటకైతే దాదాపు నిమిషం పడుతుంది, అప్పుడు కిటికీ తలుపులు గడగడలాడతాయి. అదే రోజు తీరంలో పడవలు ఒడ్డునే ఉంటాయి, ప్రయోగ మార్గంలోకి వేటకు వెళ్లొద్దని ముందే చెబుతారు. ఏడాదికి ఆరు ప్రయోగాలప్పుడు దాన్ని సర్దుకున్నారు. పదిహేనైతే? వాతావరణం బాగోలేక వాయిదా పడిన రోజులూ అందులో కలిస్తే? అక్టోబర్, నవంబర్ తుపాన్లకు ఎలాగూ వేట ఆగుతుంది.

సరస్సు సంగతి కూడా అంతే. సూళ్లూరుపేట నుంచి దీవికి నీళ్ల మధ్యగా వేసిన రోడ్డు లేకపోతే రాకెట్ కేంద్రమే లేదు. ఆ రోడ్డుకు ఉత్తరాన ఉన్న భాగం వేసవిలో ఎండి బీడులా పడి ఉంటుంది. వాకాడు వైపు రాయదొరువు ముఖద్వారం పూడిపోయి సముద్రపు నీరు రావడం లేదని జాలర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఫ్లెమింగోల పండుగకు వచ్చే వేలమంది చూసేది నీళ్లున్న నెలలనే.

మూడో ప్యాడ్‌కు దాదాపు నాలుగు వేల కోట్లు పెడుతున్నప్పుడు, వేట మానుకున్న రోజులకు పరిహారం, ముఖద్వారంలో పూడికతీత, దీవిలోనూ గట్టునా ఉన్న యానాది పిల్లలకు కేంద్రంలోనే సాంకేతిక శిక్షణ, వీటికి ఎంత పక్కన పెట్టారని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ప్రయోగాల సంఖ్య పెరగక ముందే, ఏ నెలలో ఎన్ని రోజులు సముద్రం మూస్తారో తీర గ్రామాలకు ఏడాది మొదట్లోనే పట్టిక ఇవ్వాలి. కులశేఖరపట్నం జాలర్లు కూడా రేపు ఇదే అడుగుతారు, అప్పుడు వాళ్లకు చూపించడానికి ఇక్కడ అమలైన పద్ధతి ఒకటి ఉండాలి.