పిల్లికో ద్వారం: పిల్లలకు తాతయ్య ఉత్తరం

చిరంజీవులకు, తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. కాలు కాలిన పిల్లి అంటే ఏమిటో మీకిప్పుడు కళ్లారా తెలిసినట్టుంది. తలుపు తీయడానికి మీరిద్దరూ, వేయడానికి మీ అమ్మ వంతులు వేసుకున్నారని చదివి నవ్వుకున్నాను. తీరా తలుపు తీస్తే గడప మీద కూర్చుని, లోపలికా బయటికా అని అది ఆలోచిస్తుందట! తలుపుకు, పిల్లి తనే తోసుకుని వచ్చిపోయే చిన్న రెక్క పెట్టించాలనుకుంటున్నాం, రంధ్రం ఎలా కోయాలో చెప్పమన్నారు. కోయడం పెద్ద పనేమీ కాదు. ఎక్కడ కోయాలి, దేన్ని కోయకూడదు అన్నదే అసలు పని. ఉత్తరంలో సగం దానికే పోతుంది, ఓపిక పట్టండి.

టేపు పట్టుకుని ముందు పిల్లి దగ్గరికి వెళ్లండి, తలుపు సంగతి తరవాత. అది నాలుగు కాళ్ల మీద మామూలుగా నిలబడినప్పుడు నేల నుంచి కడుపు దాకా ఎంత ఉందో కొలవండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది. రంధ్రం అడుగు అంచు ఆ ఎత్తులో గానీ, కాస్త కిందగా గానీ రావాలి. అంతకన్నా పైన పెడితే ప్రతిసారీ గెంతాలి. ఇప్పుడు గెంతుతుంది సరే, ముసలిదయ్యాక కీళ్లు పట్టేస్తే గెంతలేదు. మరీ కింద పెడితే పాకుతూ దూరాలి. లోపలి నేల, బయటి నేల ఒకే మట్టంలో ఉన్నాయా అన్నది చాలామంది చూడరు. బయట పల్లంగా ఉంటే అటువైపు ఒక మెట్టు వేయాలి.

వెడల్పు గురించి అంత బెంగ అక్కరలేదు. మన జత్రుక, అంటే మెడ కింద చేతికి తగిలే ఎముక, ఒక కొసన రొమ్ము ఎముకకూ మరో కొసన భుజానికీ అతికి ఉంటుంది. పిల్లికి అది చాలా చిన్నది, వేరే ఏ ఎముకకూ అతకదు. అందుకే తల పట్టిన సందులో ఒళ్లు కూడా పట్టించేస్తుంది. బాగా ఒళ్లు చేసిన పిల్లికి మాత్రం ఈ లెక్క పనికిరాదు, పెద్ద రకం రెక్క కొనాల్సిందే. న్యూటన్ తన పిల్లికి పెద్ద రంధ్రం, దాని కూనలకు చిన్న రంధ్రం చేయించాడని ఒక కథ ఉంది. ఆధారం లేని కథ. అంతటివాడికి ఒక్క రంధ్రం రెండింటికీ సరిపోతుందని తోచలేదని చెప్పుకుని నవ్వుకోవడానికి ఎవరో అల్లి ఉంటారు.

నిజంగా ఉన్న రంధ్రం చూడాలంటే ఇంగ్లండులోని ఎక్సెటర్ కెథడ్రల్ అనే పెద్ద చర్చికి వెళ్లాలి. అక్కడి పాత ఖగోళ గడియారం కింద ఉన్న తలుపులో గుండ్రని కన్నం ఉంది. గడియారం వెనక చేరే ఎలుకలను పట్టడానికి పిల్లి దూరే దారి అది. దానికి రెక్క లేదు, ఉట్టి కన్నమే. లోపలి తలుపు కాబట్టి సరిపోయింది. మీది వీధి వైపు తలుపు. గాలి, వాన, పురుగు, పక్కింటి పిల్లి అన్నీ ఆ దారినే వస్తాయి కనుక రెక్క కావాలి. రెక్క అడుగున చిన్న అయస్కాంతం ఉంటుంది. గాలికి రెక్క కొట్టుకోకుండా, పిల్లి దాటాక మళ్లీ మధ్యకు వచ్చి నిలిచేలా చేసేది అదే.

ఇక తలుపు దేనితో చేసిందో చూడండి. గట్టి చెక్కదైతే మీ అదృష్టం. లోపల బోలుగా ఉండి పైన పలచని పలకలు అంటించిన రకమైతే, కోసిన కన్నం చుట్టూ లోపల చెక్క బద్దలు ఇరికించాలి. లేకపోతే స్క్రూలు బిగించేటప్పుడు రెండు పలకలూ లోపలికి నొక్కుకుపోతాయి. ప్లాస్టిక్ తలుపైతే మధ్యలో ఉండే పలకను కోయవచ్చు, చుట్టూ ఉన్న చట్రం జోలికి వెళ్లకూడదు. గాజు తలుపైతే రంపాన్ని పక్కన పెట్టేయండి. గట్టిపరచిన గాజును కోయబోతే మొత్తం అద్దం చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. కన్నం ముందే చేసి, ఆ తరవాత గట్టిపరచిన కొత్త అద్దం తెప్పించుకోవడమే దారి. అపార్ట్‌మెంట్లలో మంటలనూ పొగనూ కాసేపు ఆపడానికి పెట్టే ప్రత్యేకమైన తలుపులుంటాయి. వాటికి కన్నం పెట్టడమంటే అవి ఉన్న ప్రయోజనాన్నే తీసేయడం. పిల్లి ఎంత ముద్దొచ్చినా సరే, వాటిని ముట్టుకోవద్దు. అద్దె ఇల్లయితే ఇంటివారి అనుమతి కావాలని మీ నాన్నకు గుర్తు చేయండి.

దొంగ సంగతి కూడా ఆలోచించాలి. రెక్కలోంచి చెయ్యి పెట్టి గడియ అందుకోగలడా? మీలో పొడుగు చేతులున్నవారు ప్రయత్నించి చూడండి. అందేటట్టుంటే చోటు మార్చండి. తాళంచెవి తలుపుకే వదిలేసే అలవాటు ఎలాగూ మానాలి.

కోసే పని రెండు మాటల్లో చెబుతాను. రెక్కతో పాటు ఒక మూస కాగితం ఇస్తారు. దాన్ని తలుపుకు అతికించి, రసమట్టంతో సరిచూసి, గీత గీయాలి. నాలుగు మూలలా డ్రిల్‌తో రంధ్రాలు వేసి, వాటిలోంచి రంపపు బ్లేడు దూర్చి గీత వెంట కోయాలి. గీత మీద టేపు అంటిస్తే చెక్క పెచ్చులు లేవదు. అంచులను ఆకురాయితో, ఉప్పుకాగితంతో నునుపు చేసి రంగు వేయాలి. ఈ రంగు చాలామంది ఎగ్గొడతారు. కోసిన అంచు నీళ్లు తాగి ఉబ్బితే రెక్క ఇరుక్కుంటుంది. డ్రిల్, రంపం పెద్దవాళ్ల చేతుల్లో, వాళ్ల కళ్లకు రక్షణ అద్దాలు. టేపు, రసమట్టం మీ చేతుల్లో.

తలుపు కుదరకపోతే గోడ ఉంది కదా అంటారు. ఉంది, కానీ గోడలో కరెంటు తీగలు, నీటి గొట్టాలు ఉంటాయి. స్విచ్చుకు సరిగ్గా పైనా కిందా, దాని వరసలో పక్కలకూ తీగలు పోయే అవకాశం ఎక్కువ. తీగలను పసిగట్టే పరికరంతో చూశాకే సుత్తి ఎత్తాలి. ఇంటి బరువు మోసే గోడ అయితే మేస్త్రీని అడగకుండా ఒక్క ఇటుక కూడా కదపవద్దు. గోడ మందానికి తగ్గట్టు రెండు రెక్కల చట్రాల మధ్య సొరంగంలాంటి గొట్టం అమర్చాలి. అది బయటికి కొంచెం వాలుగా ఉండాలి, లేకపోతే వాననీరు ఇంట్లోకి వస్తుంది. సొరంగం పొడవైన కొద్దీ పిల్లి జంకుతుంది. అందుకే నా ఓటు తలుపుకే.

ఏ రకం కొనాలని అడిగారు. మామూలు రెక్క ఏ పిల్లికైనా తెరుచుకుంటుంది. మెడపట్టీకి అయస్కాంతం కడితే తెరుచుకునే రకం ఉంది. దాంతో పిల్లి మెడకు గుండుసూదులూ మేకులూ అంటుకుని వస్తాయి. మీ పిల్లికి చిప్ వేయించారు కాబట్టి దాన్ని చదివే రకం మేలు. భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత చిప్ ఉంటుంది. దానిలో 15 అంకెల సంఖ్య తప్ప ఇంకేమీ లేదు, బ్యాటరీ కూడా లేదు. రెక్కలోని యాంటెన్నా పంపే రేడియో తరంగాలతోనే అది మేలుకుని తన సంఖ్య చెబుతుంది. సంఖ్య కలిస్తే గడియ వదులవుతుంది. పిల్లి ఎక్కడుందో ఆ చిప్ చెప్పదు, చెబుతుందని మీ స్నేహితుడు అన్న మాట తప్పు. బ్యాటరీలు ఉండేది రెక్కకు, కాబట్టి అవి మార్చే పని మీది. ఇనుప తలుపైతే ఆ తరంగాలకు అడ్డం తగులుతుంది. దానికి విడిగా ఒక అమరిక కొనాల్సి వస్తుంది.

బిగించిన రోజే పిల్లి దర్జాగా దాటిపోతుందని ఆశపడకండి. మొదట రెక్కను పూర్తిగా పైకెత్తి, జారిపడకుండా టేపుతో గట్టిగా అంటించండి. ఒక్కసారి తోక మీద పడిందంటే మళ్లీ ఆ ఛాయలకు రాదు. పిల్లి ఒకవైపు, దానికి ఇష్టమైన తిండి మరోవైపు. భయం లేకుండా దాటుతుంటే రెక్కను సగానికి దించండి, తరవాత ఇంకొంచెం, చివరికి పూర్తిగా. కొన్నింటికి రెండు రోజులు చాలు, కొన్నింటికి వారాలు పడుతుంది. దాన్ని పట్టుకుని కన్నంలోకి తోయడం మాత్రం వద్దు. తోసిన చేతుల మీదా, తోయించుకున్న కన్నం మీదా, రెండింటి మీదా నమ్మకం పోతుంది.

తీరా నేర్చుకున్నాక కూడా వాడకపోతే, రెక్క బయట ఏముందో చూడండి. తల బయట పెట్టగానే ఖాళీ నేల ఉంటే, పక్కింటి పిల్లి ఎక్కడ కాచుకుని ఉందోనని భయం. రెండు పక్కలా పూలకుండీలు పెడితే వాటి చాటున నిలబడి నాలుగు దిక్కులూ చూసుకుంటుంది. లోపల అన్నం గిన్నెను రెక్క పక్కనే పెట్టకండి. ఎవరైనా వస్తారేమోనన్న దిగులుతో ఏ పిల్లీ స్థిమితంగా తినదు.

రాత్రిపూట గడియ వేసేయవచ్చు, వేసేముందు పిల్లి లోపలుందో లేదో చూసుకోవాలి. సందె చీకట్లలో, తెల్లవారుజామున పిల్లులకు వేట మీద మనసు ఎక్కువ. పట్టిన ఎలుకను నోట కరుచుకుని అదే దారిన ఇంట్లోకి తెస్తుంది. ఈ సంగతి మీ అమ్మకు ఇప్పుడే చెప్పండి, రెక్క బిగించాక కాదు.

తలుపు ఏ రకమో, పిల్లి కడుపు ఎత్తు ఎంతో కొలిచి నాకు రాయండి. తలుపు మందం కూడా రాయండి, రెక్క కొనేటప్పుడు అది అడుగుతారు. నా జవాబు వచ్చేదాకా వడ్రంగిని పిలవవద్దని నాన్నతో చెప్పండి.

మీ
తాతయ్య