వెంబ్లీ గడ్డి, మన గరిక: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో స్కూళ్లకు, అపార్ట్‌మెంట్లకు ఫుట్‌బాల్ గ్రౌండ్లు వేస్తుంటాను. నెలకు ఒకరైనా ఫోన్ చేసి, "లండన్ వెంబ్లీ ఫుట్‌బాల్ స్టేడియంలో వేసిన గడ్డే మాకూ వేయండి, డబ్బుకు వెనకాడం" అంటారు.

అపోహ: ఖరీదైన గడ్డి వేస్తే గ్రౌండ్ బాగుంటుంది.

వాస్తవం: డబ్బు పోస్తే గడ్డి బతికేదైతే వెంబ్లీకి ఆ తిప్పలే ఉండేవి కావు. పాత స్టేడియం 2003లో కూల్చేసి, 2007లో 90,000 సీట్లతో కొత్తది తెరిచారు. చుట్టూ అంతెత్తున స్టాండ్లు లేచేసరికి గడ్డికి ఎండా గాలీ కరువయ్యాయి. మ్యాచ్‌లకు తోడు కచేరీలు. మూడేళ్లలో మళ్లీ మళ్లీ మార్చారు. చివరికి 2010లో 20 సెంటీమీటర్ల లోతుకు ప్లాస్టిక్ పోగులు కుట్టి, వేళ్లు వాటిని అల్లుకునేలా చేశారు.

పైగా వాళ్లది చలిదేశపు రై గడ్డి. మన ఏప్రిల్ ఎండకు మాడిపోతుంది. ఇక్కడ వేసే బెర్ముడా అంటే వినాయకుడికి పెట్టే గరిక జాతే. ఎంత ఎండకైనా ఓర్చుకుంటుంది గానీ నీడలో పలచబడిపోతుంది, నీరు నిలిస్తే కుళ్లుతుంది.

వైట్‌ఫీల్డ్ వైపు ఒక స్కూలు. కరెస్పాండెంట్ గారిది మన కడప. రెండోసారి వేయించిన గడ్డి కూడా పసుపెక్కింది. "విత్తనంలోనే మోసం అంటున్నారు, ట్రస్టు వాళ్లకు ఏం చెప్పేది నాయనా" అని పాపం నిద్ర మానేశారు. గునపంతో జానెడు తవ్వి పెళ్ల ఆయన చేతిలో పెట్టాను. పైన రెండు వేళ్ల మందం ఎర్రమట్టి, కింద నల్లటి జిగట పొర, మురుగు వాసన. వాన నీరు దిగే దారే లేదు. "మీ తప్పేం లేదు సార్, గడ్డిదీ తప్పు లేదు" అన్నాను. ఆయన అలాగే మెట్ల మీద కూర్చుండిపోయారు. పైపులు, కంకర, ఇసుక వేసి మామూలు గరికే నాటాం. ఇప్పుడు పిల్లలు రోజూ ఆడుతున్నారు.

మిగతా పుకార్ల సంగతి: వెంబ్లీ పైకప్పు పిచ్ మీద మూసుకుంటుందంటారు. మూసుకోదు, సీట్ల మీదకే జరుగుతుంది. స్టేడియం మీద కనిపించే 133 మీటర్ల ఎత్తు ఆర్చ్ (కమాను) అలంకారానికని ఇంజినీర్లు కూడా అంటుంటే ఒళ్లు మండుతుంది. పైకప్పు బరువులో ఎక్కువ భాగం మోసేది అదే, అందుకే స్తంభాలు అడ్డు రావు. 1923లో వెంబ్లీలో జరిగిన ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ టోర్నీ) ఫైనల్లో, మైదానంలోకి వచ్చేసిన జనాన్ని వెనక్కి జరిపిన పోలీసు 'తెల్ల' గుర్రం నిజానికి బూడిద రంగుది.

మీ గ్రౌండ్‌లో మూరెడు గుంట తీసి సాయంత్రం బకెట్ నీళ్లు పోయండి. తెల్లారినా నీళ్లు అలాగే ఉంటే గడ్డి ఆర్డర్ పెట్టకండి. ముందు డ్రైనేజీ తెలిసినవాళ్లను పిలవండి.