ఒక్క తుపాకీతో మూడు పనులు

1965 మార్చి 19న సోవియట్ అంతరిక్ష నౌక వోస్ఖోద్-2 దిగాల్సిన చోట దిగలేదు. ఆటోమేటిక్ వ్యవస్థ మొరాయించడంతో పావెల్ బెల్యాయెవ్, అలెక్సీ లియోనోవ్ నౌకను స్వయంగా నడిపి కిందికి దించారు. అనుకున్న చోటికి దాదాపు 380 కిలోమీటర్ల దూరంలో, పెర్మ్ ప్రాంతపు దట్టమైన మంచు అడవిలో పడ్డారు. ఆ ముందు రోజే లియోనోవ్ అంతరిక్షంలో నడిచిన తొలి మనిషి అయ్యాడు. ఆ నడకలో కారిన చెమట సూట్‌లోనే నిలిచి ఉంది. గడ్డకట్టే చలిలో ఇద్దరూ లోపలి బట్టలు విప్పి, నీళ్లు పిండుకుని, మళ్లీ తొడుక్కున్నారు. తోడేళ్లు, ఎలుగుబంట్లు తిరిగే ఆ అడవిలో వాళ్ల దగ్గరున్న ఆయుధం ఒక పిస్టల్. రెండు రాత్రులు గడిచాక, సాయం వచ్చినవాళ్లతో కలిసి స్కీల మీద హెలికాప్టర్ దాకా వెళ్లి బయటపడ్డారు.

తరువాతి కాలంలో సోవియట్ ఇంజనీర్లు వ్యోమగాముల కోసమే ఒక తుపాకీ తయారుచేశారు. దాని పేరు టీపీ-82. 1986 నుంచి దాదాపు 2007 వరకు అది వాళ్లతో పాటు అంతరిక్షానికి వెళ్లి వచ్చింది. దానికి మూడు గొట్టాలు. పైన పక్కపక్కనే 12.5 మిల్లీమీటర్ల నున్నటి గొట్టాలు రెండు, వాటి కింద 5.45 మిల్లీమీటర్ల రైఫిల్ గొట్టం ఒకటి. వెనక భుజానికి ఆనించుకునే బట్‌ను ఊడదీస్తే అదే కొమ్మలు నరికే కత్తి. పిట్టలకు సీసపు గుళ్లు, పెద్ద జంతువుకు రైఫిల్ బుల్లెట్, హెలికాప్టర్ కంట పడటానికి వెలుగు చిమ్మే తూటా. ఇన్ని పనుల కోసం ఇన్ని గొట్టాలు పెట్టాల్సి రావడంలోనే అసలు విషయం ఉంది.

అడవిలో చిక్కుకున్నవాడికి తుపాకీ మూడు పనులు చేయాలి: తిండి తేవాలి, మృగం నుంచి కాపాడాలి, వెతికేవాళ్లకు జాడ చెప్పాలి. ఈ మూడింటికీ కావలసిన భౌతికశాస్త్రం వేరు. కదిలే వస్తువు శక్తి దాని బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుంది. .22 అనే చిన్న తూటాలోని బుల్లెట్ బరువు 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 330 మీటర్లు. అంటే దాదాపు 140 జౌల్స్. పెద్ద వేటకు వాడే .30-06 బుల్లెట్ 11.7 గ్రాములు, 820 మీటర్ల వేగం. అంటే దాదాపు 3,900 జౌల్స్, మొదటిదానికి 28 రెట్లు. కుందేలును రెండోదానితో కొడితే తినడానికి పెద్దగా ఏమీ మిగలదు. మీదికి దూకే ఎలుగుబంటిని మొదటిదానితో ఆపగలమనుకోవడం ప్రాణాలతో జూదం. కెనడాలోని అల్బర్టాలో 1953లో బెల్లా ట్విన్ అనే క్రీ తెగ మహిళ .22 తుపాకీతోనే రికార్డు సైజు గ్రిజ్లీ ఎలుగుబంటిని చంపిన మాట నిజమే. జీవితమంతా వేటలో గడిపిన మనిషి, అతి దగ్గర నుంచి, పుర్రెలో సరైన చోట చూసి కొట్టింది. దాన్ని చూసి మనం తుపాకీ ఎంచుకోకూడదు.

ఒక్కటే తుపాకీ పట్టుకెళ్లాలంటే చాలామంది అనుభవజ్ఞులు 12 బోర్ షాట్‌గన్ పేరు చెబుతారు. నాకూ అది సబబుగానే తోస్తుంది. ఈ 12 అనే అంకె వెనక ఒక పాత లెక్క ఉంది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు వ్యాసం 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. గొట్టం వెడల్పు అదే. గొట్టం లోపల నున్నగా ఉంటుంది కాబట్టి అందులో ఏది పెట్టినా వెళ్తుంది. రెండు వందలకు పైగా చిన్న గుళ్లున్న తూటా వేస్తే ఎగిరే బాతు దొరుకుతుంది. తొమ్మిది పెద్ద గుళ్ల తూటా జింకకు పనికొస్తుంది. 28 గ్రాముల ఒకే సీసపు ముద్ద వేస్తే దగ్గరి దూరంలో 3,000 జౌల్స్ దాటిన దెబ్బ. తుపాకీ మారదు, తూటా మారితే చాలు. లోటు దూరం దగ్గరే తెలుస్తుంది. రైఫిల్ గొట్టంలోని మెలికల గాడులు బుల్లెట్‌ను గిరగిరా తిప్పుతాయి, తిరిగే బొంగరం నిలబడ్డట్టు అది గాలిలో దారి తప్పకుండా వెళ్తుంది. నున్నటి గొట్టంలో ఆ సుఖం లేదు. చిన్న గుళ్లు 35 మీటర్లు దాటితే చెదిరిపోతాయి.

ఇంకో లోటు బరువు. నడిచేవాడికి ఇది చిన్న విషయం కాదు. .22 తూటా ఒక్కోటి మూడున్నర గ్రాములు ఉంటుంది, 12 బోర్ తూటా సుమారు 45 గ్రాములు. కిలోన్నర పైచిలుకు బరువులో అయిదు వందల చిన్న తూటాలు పడతాయి, పెద్దవైతే నలభైకి మించవు. అమెరికా వైమానిక దళం 1950ల మొదట్లో పైలట్లకు ఇచ్చిన ఎం6 అనే మడత తుపాకీలో ఈ లెక్క కనిపిస్తుంది. పై గొట్టం .22 హార్నెట్ రైఫిల్, కింది గొట్టం సన్నటి .410 షాట్‌గన్. బట్‌లోనే తొమ్మిది రైఫిల్ తూటాలు, నాలుగు షాట్‌గన్ తూటాలు పెట్టుకునే గూళ్లు. నాకు అందులో బాగా నచ్చేది ట్రిగ్గర్. వేలు దూర్చే మామూలు ట్రిగ్గర్‌కు బదులు పొడవాటి పట్టీ పెట్టారు. చలికి వేళ్లు కొంకర్లు పోయినా, మందపాటి చేతి తొడుగు తీయకుండా గుప్పిటతో నొక్కేయవచ్చు. మంచులో పడ్డ పైలట్ చేతులు ఎలా ఉంటాయో ఎవరో నిజంగా ఆలోచించారు.

తిండి విషయంలో తుపాకీ మీద మనకున్న నమ్మకం మాత్రం మరీ ఎక్కువ. 1992 ఏప్రిల్‌లో క్రిస్ మెక్‌కాండ్‌లెస్ అనే అమెరికన్ యువకుడు ఒక .22 రైఫిల్, కొన్ని కిలోల బియ్యంతో అలాస్కా అడవిలోకి ఒంటరిగా వెళ్లాడు. ఉడతలు, పిట్టలు దొరికాయి. జూన్‌లో ఏకంగా ఒక మూస్‌నే కొట్టాడు. మూస్ అంటే గుర్రం కన్నా ఎత్తుండే దుప్పి జాతి జంతువు. అంత మాంసాన్ని చెడకుండా నిలవ చేయడం మాత్రం అతనికి చేతకాలేదు, పురుగులు పట్టాయి. ఆగస్టులో చనిపోయాడు, సెప్టెంబరులో శవం దొరికేసరికి 30 కిలోలే ఉంది. కుందేలు, ఉడత లాంటి వాటిలో కొవ్వు చాలా తక్కువ. వాటినే తింటూ ఉంటే కడుపు నిండినా మనిషి చిక్కిపోతాడు, ఎందుకంటే మాంసకృత్తులను వదిలించుకోవడానికి కాలేయానికి ఒక హద్దుంది. పైగా చలి కొన్ని గంటల్లో చంపుతుంది, దాహం కొన్ని రోజుల్లో, ఆకలికి వారాలు పడుతుంది. ఈ వరుసలో తుపాకీ కన్నా ముందు అగ్గిపెట్టె, టార్పాలిన్, నీళ్ల సీసా రావాలి.

ధ్రువ ప్రాంతాల్లో లెక్క మారుతుంది. అక్కడ ధ్రువపు ఎలుగుబంటి మనిషిని తిండిగానే చూడవచ్చు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌లో ఊరు దాటి వెళ్లేవాళ్ల దగ్గర ఎలుగుబంటిని బెదరగొట్టే సాధనం ఉండి తీరాలి. తుపాకీ కూడా ఉంచుకోమని అధికారులు గట్టిగా చెబుతారు. అక్కడ ఎక్కువగా కనిపించేవి ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ అనే గడియ లాగి నడిపే రైఫిళ్లు. చలికి నూనె జిగురెక్కితే ఆటోమేటిక్ తుపాకీ మధ్యలో ఆగిపోవచ్చు, బోల్ట్‌ను మాత్రం చేతి బలంతో కదిలించవచ్చు. బయటి నుంచి వెచ్చటి గదిలోకి తెస్తే ఇనుము మీద తేమ చేరి, మళ్లీ బయటికి వెళ్లగానే అది మంచుగా బిగుసుకుంటుంది. అందుకే చాలామంది తుపాకీని చల్లటి చోటే వదిలేస్తారు. కెనడా ఉత్తరాన కాపలా కాసే సైనిక రేంజర్లు 1947 నుంచి ఏడు దశాబ్దాలు లీ-ఎన్‌ఫీల్డ్ .303నే వాడారు. మన పోలీసు స్టేషన్లలో అందరూ చూసిన త్రీ నాట్ త్రీ అదే.

నల్లమలకో శేషాచలానికో ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లకు ఈ ఎంపిక అవసరమే రాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ కావాలి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. ఇది అలాస్కాకో ఎల్లోస్టోన్‌కో సెలవులకు వెళ్లే మనవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. అమెరికా నేషనల్ పార్కుల్లో 2010 నుంచి స్థానిక చట్టానికి లోబడి తుపాకీ ఉంచుకోవచ్చు, పేల్చడానికి మాత్రం అనుమతి లేదు.

ఎలుగుబంట్ల విషయంలో టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో చేసిన పరిశోధనలు తప్పక తెలుసుకోవాలి. అలాస్కా ఘటనలపై వాళ్ల బృందం 2012లో ఇచ్చిన లెక్క ప్రకారం పొడవు తుపాకులు 76 శాతం, చేతి తుపాకులు 84 శాతం సార్లు ఎలుగుబంటిని ఆపాయి. తుపాకీ ఉండి పేల్చినవాళ్లకూ, పేల్చనివాళ్లకూ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2008లో అదే అలాస్కాలో మిరపఘాటు స్ప్రే మీద చేసిన పరిశోధనలో గోధుమ రంగు ఎలుగుబంట్లు 92 శాతం సార్లు వెనక్కి తగ్గాయి. రెండు లెక్కల్లోని సందర్భాలు ఒకటి కావు, అంకెలను పక్కపక్కన పెట్టి తూచలేం. అయినా సామాన్య యాత్రికుడికి నేను స్ప్రేనే చెబుతాను. చేతులు వణికే టెన్షన్‌లో గురి పెట్టి కాల్చడం కన్నా ముందుకు ఒక మేఘంలా చిమ్మడం తేలిక. అమెరికాలో దాన్ని విమానంలో చెక్-ఇన్ లగేజీలో కూడా తీసుకెళ్లనివ్వరు కాబట్టి దిగాక కొనుక్కోవాలి, క్యాన్ మీద గడువు తేదీ చూసుకోవాలి, నడుముకు తగిలించుకోవాలి. పరుగెత్తే ఎలుగుబంటి 30 మీటర్లను రెండు మూడు సెకన్లలో దాటేస్తుంది. క్యాన్ బ్యాగ్ అడుగున ఉంటే జిప్ తీసే టైం కూడా ఉండదు.