ట్రైనింగ్ నీళ్లు చివరి మడి దాకా వెళ్తున్నాయా?

"ఇన్ని ట్రైనింగులు ఇస్తున్నారు కదండీ, మూడో తరగతికి వచ్చినా పిల్లలు పేరా చదవలేకపోతున్నారేం?" అని గుంటూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. దీనికి మామూలుగా వినిపించే జవాబులు రెండు. టీచర్లు సరిగా చెప్పట్లేదు, లేదంటే పిల్లల నుదుటి రాత. రెండో మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎంత మంచి ముహూర్తంలో అక్షరాభ్యాసం చేయించినా చదవడం దానంతటదే రాదు, నేర్పాలి. మొదటి మాట నిజమో కాదో తేల్చాలంటే కొలవాలి. ఎక్కడ కొలవాలి?

ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువకు నీళ్లు వదిలారన్న వార్తతో రేపల్లె శివారు రైతు నారు పోయడు. తన మడి తడిసిందా లేదా అనే చూస్తాడు. ట్రైనింగ్ కూడా రాష్ట్రం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలానికి, అక్కడి నుంచి క్లాసుకి దిగాల్సిన నీరే. చివరి రోజు నింపే ఫీడ్‌బ్యాక్ ఫారం బ్యారేజీ దగ్గరి కొలత. టీచర్‌కి పెట్టే పరీక్ష దారిలో దుగ్గిరాల లాకుల దగ్గరి కొలత. క్లాసులో కూర్చుని గమనిస్తే పిల్లకాలువ. పిల్ల చదివితేనే మడి తడిసినట్టు.

అమెరికా విద్యాశాఖ 2005-06లో ఈ దారంతా కొలిపించింది. 90 స్కూళ్లు, 270 మంది రెండో తరగతి టీచర్లు. లాటరీ తీసి కొన్ని స్కూళ్లకు ట్రైనింగ్, కొన్నిటికి ట్రైనింగ్‌తో పాటు టీచర్ పక్కనుండి సలహాలిచ్చే కోచ్‌ని కూడా ఇచ్చారు. మిగతావాటికి ఎప్పుడూ ఉండే ట్రైనింగులే. టీచర్ల పరిజ్ఞానం పెరిగింది. పాఠాన్ని విడమరిచి చెప్పడమూ పెరిగింది. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. కాలువ నిండింది, మడి తడవలేదు!

కొత్తగా ఏమీ ఇవ్వని ఆ మూడో గుంపు ఎందుకంటే, వాన లెక్క తీసేయడం కోసం. మడి తడిసింది కదా అని ఆ ఘనత కాలువకు ఇచ్చేయకూడదు. ట్యూషన్, ఇంట్లో అక్క, ఏడాది వయసు పెరగడం, ఇవన్నీ వానే. కాలువ రాని మడి పక్కన ఉంటేనే తేడా తెలుస్తుంది. పైగా లాటరీ, లెక్క రెండూ పిల్లల వారీగా కాదు, స్కూళ్ల వారీగా ఉండాలి. ఒకే టీచర్ దగ్గర చదివే ముప్పై మంది మార్కులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటిని ముప్పై విడి సాక్ష్యాలుగా లెక్కిస్తే ప్రామాణిక దోషం (మన అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే లెక్క) ఉన్నదానికన్నా తగ్గిపోయి, లేని ఫలితం ఉన్నట్టు కనిపిస్తుంది.

దక్షిణాఫ్రికాలో సెట్స్వానా మాతృభాషగా ఉన్న పిల్లలతో జరిగిన ప్రయోగంలో మడి తడిసింది. అక్కడ రెండు గుంపుల టీచర్లకూ ఒకే పుస్తకాలు, ఒకే రోజువారీ పాఠ ప్రణాళికలు. ఒక గుంపును ఒకచోటికి పిలిపించి ట్రైనింగ్ ఇచ్చారు, రెండో గుంపుకి కోచ్ క్లాసుకే వచ్చేవారు. ఇవేవీ అందని స్కూళ్లతో పోలిస్తే రెండేళ్లకు పిల్లల చదువు మొదటి గుంపులో 0.12, రెండో గుంపులో 0.24 ప్రామాణిక విచలనాలు (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) మెరుగైంది. అమెరికాలో పనిచేయని కోచ్ దక్షిణాఫ్రికాలో పనిచేయడానికి ఆ పుస్తకాలు, ప్రణాళికలు కూడా తోడయ్యాయని నా నమ్మకం. అక్కడి టీచర్లు పిల్లల్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చదివించడం ఎక్కువైందని పరిశీలకులు గమనించారు.

మన క్లాసులకు ఆ చిన్న గుంపులే కావాలి. అందరూ కలిసి "క కా కి కీ" అంటుంటే క్లాసంతా చదువుతున్నట్టే ఉంటుంది. ఒక పాపను పిలిచి, వరుస తప్పించి "కౌ" మీద వేలు పెట్టి చూడండి. మనసులో క నుంచి మొదలుపెట్టి పాడుకుంటూ అక్కడికి వచ్చే పిల్లలు ఎందరో. ఒత్తులు ఇంకా కష్టం. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాల్లానే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ పోలికే లేదు. అమ్మ, నాన్న, అత్త, చెల్లి, మామయ్య, పిల్లలకు బాగా తెలిసిన ఇలాంటి మాటల్లో ఉండేవి అవే!

ఐదుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరి చేత ఒక్కో వాక్యం చదివిస్తే, ఎవరు ఏ ఒత్తు దగ్గర ఆగారో అక్కడికక్కడే దొరుకుతుంది. ట్రైనింగ్ పనిచేసిందో లేదో చూడాలంటే జూన్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి ఆ పిల్లల చేతే కొత్త పేరా ఒక నిమిషం చదివించి తప్పుల్లేని మాటలు లెక్కపెట్టాలి. ట్రైనింగ్ అందని స్కూల్లో కూడా అలాగే. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం మూడో తరగతికి పెట్టిన లక్ష్యం నిమిషానికి కనీసం 60 మాటలు, అదీ అర్థమవుతూ.