ఆరు వోల్టుల యెజ్డీ

మా బాబాయి యెజ్డీ మోటార్‌సైకిలు మీద రాత్రిపూట వెనక కూర్చున్న ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. హనుమకొండలో మా సందు మలుపు దగ్గర ఆయన ఇండికేటర్ వేస్తే, అది వెలిగిన ప్రతిసారీ హెడ్‌లైటు మసకబారేది, అది ఆరగానే మళ్లీ తేరుకునేది. ఒకరు ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇంకొకరు పస్తున్నట్టు. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేయించాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే తంతు. దాంతో "పన్నెండు వోల్టులకి మార్పించేస్తా" అని పట్టుబట్టాడు.

మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేసిన బండి అది. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది కానీ బండ్లు మాత్రం ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఉండేది 6 వోల్టుల వ్యవస్థ. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక్కో గది సుమారు 2 వోల్టులు ఇస్తుంది. మూడు గదులైతే 6, ఆరు గదులైతే 12. తేడా పైకి అంతే కనిపిస్తుంది. అందుకే చాలామంది "పన్నెండంటే డబుల్ పవర్" అనుకుంటారు. అది నిజం కాదు. 35 వాట్ల బల్బు 6 వోల్టుల బండిలోనైనా, 12 వోల్టుల బండిలోనైనా 35 వాట్లే.

మారేది కరెంటు. అదే 35 వాట్ల కోసం 6 వోల్టుల వైరులో దాదాపు 5.8 ఆంపియర్లు పారాలి. 12 వోల్టులైతే 2.9 చాలు. వైరు వేడెక్కి వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కరెంటు సగమైతే ఆ వృథా నాలుగో వంతుకి పడిపోతుంది. అసలు కిటుకు ఇక్కడుంది.

బ్యాటరీ నుంచి బల్బు దాకా కరెంటు దారి ఎలా ఉంటుందో చూడండి. ఫ్యూజు, తాళంచెవి స్విచ్చు, హ్యాండిల్ మీది స్విచ్చు, బల్బు హోల్డరు, మళ్లీ వెనక్కి రావడానికి బండి ఇనుప చట్రం. నలభై ఏళ్ల బండిలో ప్రతి అతుకు దగ్గరా కాస్త తుప్పు, కాస్త పెయింటు, కాస్త నూనె జిడ్డు. అన్నీ కలిసి 0.15 ఓమ్ నిరోధం అయ్యాయనుకుందాం. వినడానికి లెక్కలోకి రాదు. కానీ 6 వోల్టుల బండిలో ఆ కాస్త అడ్డంకే సుమారు 0.8 వోల్టు మింగేస్తుంది, బల్బుకి చేరేది 5.2 వోల్టులే. ఫిలమెంట్ బల్బుతో చిక్కేమిటంటే వోల్టేజీ కొంచెం తగ్గితే వెలుతురు చాలా తగ్గుతుంది. ఈ లెక్కన వెలుతురులో మూడో వంతు పైనే దారిలో మాయం. అవే తుప్పుపట్టిన అతుకులతో 12 వోల్టుల బండిలో పోయేది 0.4 వోల్టు, వెలుతురులో తగ్గేది పదో వంతు కంటే కాస్త ఎక్కువ. అంటే 12 వోల్టుల బండి తుప్పుని క్షమిస్తుంది, 6 వోల్టులది క్షమించదు.

ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు ఎందుకు మసకబారేదో ఇప్పుడు తెలిసిపోతుంది. రెండింటి కరెంటూ ఒకే ఇరుకు దారిలో పోవాలి. ఇండికేటర్ వెలిగినప్పుడల్లా ఆ దారిలో ఇంకొంచెం వోల్టేజీ పడిపోతుంది.

మెకానిక్ బండి చూసి చెప్పిన మొదటి మాట: "ముందుగాల ఎర్త్ సూడాలె సార్. బ్యాటరీ సంగతి తర్వాత." హెడ్‌లైటు వేసి ఉంచి, మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది బల్బు హోల్డరు ఒంటి మీద పెట్టాడు. ఎర్త్ అంటే కరెంటు చట్రం గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి. రెండూ ఎర్తే కాబట్టి సున్నా దగ్గర్లో చూపించాలి. 0.6 వోల్టు చూపించింది! చట్రానికి బిగించిన ఎర్త్ వైరు విప్పితే కింద పెయింటు అలాగే ఉంది, ఎప్పుడో రంగు వేయించినప్పటిది. గరుకు కాగితంతో రుద్ది, ఇనుము తెల్లగా మెరిశాక బిగించాడు. ఈసారి 0.1. బండి ఇంకా 6 వోల్టుల మీదే ఉంది, హెడ్‌లైటు మాత్రం అప్పుడే తేడా చూపించింది. నన్నడిగితే వోల్టేజీ మార్చాలనుకునే చాలామంది ఇక్కడే ఆగిపోవచ్చు. బాబాయి ఆగలేదు.

6 వోల్టులు పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. మూడు గదుల బ్యాటరీ చవక, చిన్నది. పైగా అదే వాట్ల బల్బుకి 6 వోల్టుల ఫిలమెంట్ పొట్టిగా, లావుగా ఉంటుంది. గతుకుల రోడ్ల మీద అది అంత తేలిగ్గా తెగదు. యెజ్డీలో కిక్ రాడ్డే గేర్ రాడ్డు కూడా, ఇంజిన్ తిప్పేది కాలి బలమే కాబట్టి బ్యాటరీ మీద పెద్ద భారం లేదు. కార్లకి ఆ వెసులుబాటు లేదు. 1950ల అమెరికాలో ఎక్కువ కంప్రెషన్ ఉన్న పెద్ద వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్లు వచ్చాయి. గడ్డకట్టే చలిలో వాటిని తిప్పడానికి స్టార్టర్ మోటారు వందల ఆంపియర్లు లాగేది. బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా కుంగిపోయి, సరిగ్గా స్పార్కు కావాల్సిన ఆ క్షణంలోనే దాన్ని పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కి కరెంటు చాలేది కాదు. 1953లో కాడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లతో జనరల్ మోటార్స్ 12 వోల్టులకి మారడం మొదలుపెట్టింది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అమెరికాకి వెళ్లే 1967 మోడల్ దాకా 6 మీదే నెట్టుకొచ్చింది.

ఇక మార్పు సంగతి. వైరింగ్ మార్చక్కర్లేదు, ఎక్కువ కరెంటు కోసం వేసిన లావు వైర్లు సగం కరెంటుకి కావాల్సినదానికన్నా ఎక్కువే. బల్బులన్నీ మార్చాలి. ఒక్కటి మరిచిపోయినా స్విచ్చు వేయగానే తెల్లగా మెరిసి మాడిపోతుంది. ఇగ్నిషన్ కాయిల్ దగ్గర మోసం నెమ్మదిగా జరుగుతుంది. 6 వోల్టుల కాయిల్‌కి 12 ఇస్తే బండి స్టార్ట్ అవుతుంది, బాగానే నడుస్తుంది, స్పార్కు కూడా జోరుగా ఉంటుంది. కానీ కరెంటు రెట్టింపు, వేడి నాలుగింతలు. కొన్నాళ్లకి పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి తెంపే చిన్న స్విచ్చు మొనలు) కాలి నల్లబడతాయి, కాయిల్ చెయ్యి పెట్టలేనంతగా కాగుతుంది.

అన్నిటికంటే ముచ్చటైనది డైనమో, అంటే ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించేది. పాత 6 వోల్టుల డైనమోని పారేయకుండా, దాని వోల్టేజీని అదుపుచేసి బ్యాటరీకి కలిపే కటౌట్ ఒక్కటి 12 వోల్టులది పెట్టి నడిపేవాళ్లున్నారు. డైనమో ఇచ్చే వోల్టేజీ దాని వేగాన్ని, అయస్కాంత బలాన్ని బట్టి ఉంటుంది. దాని హద్దు నిజానికి ఆంపియర్లలో ఉంటుంది. కార్బన్ బ్రష్షులు, లోపలి తీగచుట్టలు మాడకుండా ఎంత కరెంటు మోయగలవో అంతే. అదే కరెంటుని రెట్టింపు వోల్టేజీ దగ్గర తీసుకుంటే వాట్లూ రెట్టింపే. అయితే ఊరికే వచ్చేదేమీ కాదు. 12 వోల్టులు పుట్టాలంటే ఇంజిన్ మరింత వేగంగా తిరగాలి. హైవే మీద బాగుంటుంది గానీ, చౌరస్తా ట్రాఫిక్‌లో పాకుతూ వెళ్తే బ్యాటరీ ఛార్జింగే ఎక్కదు. బాబాయి తిరిగేది ఊళ్లోనే. అందుకని మెకానిక్ డైనమో తీసేసి, శాశ్వత అయస్కాంతాలు తిరిగే ఆల్టర్నేటర్, దానికి జతగా వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాడు. ఇందులో తీగచుట్టలు కదలవు, అయస్కాంతం తిరుగుతుంది, అరిగే బ్రష్షులే లేవు. పాత డైనమోని బాబాయి పాత లుంగీలో చుట్టి బీరువా కింద పెట్టాడు. అమ్మనంటాడు. ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చని.

మిగిలింది హారన్. అది 6 వోల్టులదే. మార్చాలా అని అడిగితే మెకానిక్ నవ్వాడు. "హారన్ ఎంతసేపు కొడతరు సార్? రెండు సెకండ్లు. అది వేడెక్కేలోపు మీరే ఆపేస్తరు." మాటలో నిజముంది. కాయిల్‌కి లేని విరామం హారన్‌కి ఉంది. అలాగని గుండీ నొక్కిపట్టి కూర్చుంటే అదీ మాడుతుంది. పాత హారన్నే ఉంచారు. కాకపోతే ఇదివరకు గొంతు పట్టినట్టు పలికేది, ఇప్పుడు అరుస్తుంది. మొదటి రోజు సాయంత్రం బాబాయి గేటు ముందు ఆపి రెండుసార్లు కొట్టాడు. లోపల్నుంచి పిన్ని, "ఎవరో వచ్చినట్టున్నారు, చూడు" అంది.