యానిమేషన్‌లో పాము ముందుకు పాకాలంటే

కంప్యూటర్‌లో పాము బొమ్మ చేసి, దాని ఒంటిని మెలికలు తిప్పుతూ చదునైన నేల మీద వదిలితే అది దాదాపు ఉన్నచోటే కొట్టుకుంటుంది. లోపం మెలికల్లో లేదు. పొట్టకీ నేలకీ మధ్య ఘర్షణ అన్ని దిక్కులా ఒకేలా పెట్టడంలో ఉంది. నిజం పాము పొట్టమీది పొలుసులు ముందుకు సులువుగా జారనిస్తాయి, వెనక్కి కొంత అడ్డుకుంటాయి, పక్కకు అన్నిటికన్నా గట్టిగా పట్టుకుంటాయి. 2009లో డేవిడ్ హు బృందం ప్రచురించిన కొలతల్లో కనిపించిన క్రమం ఇదే.

బడిలో చదివిన కూలుంబ్ ఘర్షణ సూత్రం ప్రకారం ఘర్షణ బలానికి ఒక హద్దు ఉంటుంది: ఘర్షణ గుణకం, లంబబలాల (రెండు ఉపరితలాలు ఒకదాన్నొకటి నిలువుగా నొక్కుకునే బలం) లబ్ధం. ఆ హద్దు ఏ దిక్కుకైనా ఒకటే, కాబట్టి గీస్తే వృత్తం. దిక్కును బట్టి మారే ఘర్షణలో దాన్ని దీర్ఘవృత్తంగా సాగదీస్తాం.

ఒంటి పొడవునా గుణకం 0.2, అడ్డంగా 0.8 అనుకుందాం. పాము ఒంట్లో ఒక భాగం తన పొడవుకు 45 డిగ్రీల కోణంలో జారుతోంది. ఘర్షణ సరిగ్గా వేగానికి ఎదురుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. శక్తిని అత్యధికంగా హరించే బలాన్ని ఎంచుకోవాలన్న నియమం పాటిస్తే, ఒక్కో దిశలోని వేగాన్ని ఆ దిశ గుణకపు వర్గంతో గుణించాలి: పొడవునా 0.04, అడ్డంగా 0.64. అడ్డంగా పనిచేసే బలం 16 రెట్లు ఎక్కువ. బలం పొడవు గీతకు సుమారు 86 డిగ్రీల్లో ఉంటుంది. అడ్డపు వేగం త్వరగా హరించుకుపోతుంది, కదలిక పొడవు వైపు మళ్ళుతుంది. పామును ముందుకు నెట్టేది ఈ తేడాయే. రెండు గుణకాల సగటు తీసుకుని వేగానికి ఎదురుగా బలం పెడితే పాము మళ్ళీ ఉన్నచోటే ఆగుతుంది.

ఎక్కువ తప్పులు జరిగేది సూత్రంలో కాదు, ఆ పొడవు దిశను నిలబెట్టడంలో. దిశ మనం ఇవ్వకపోతే ఇంజన్ (కదలికలను, బలాలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) ప్రతి స్పర్శ బిందువు దగ్గరా తనకు తోచిన అక్షాలను ఎంచుకుంటుంది. అప్పుడు 0.2 ఎటో, 0.8 ఎటో చెప్పలేం. అందుకే దిశను ఉపరితలం మీదే భద్రపరచాలి. లెక్కలోని ప్రతి అడుగులోనూ వస్తువుతోపాటు ఆ దిశను చూపే బాణాన్ని తిప్పి, స్పర్శ తలం మీదికి ప్రక్షేపించి (నీడలా పడేలా చేసి), ఆ బాణం పొడవును మళ్ళీ 1కి తేవాలి. ప్రక్షేపం దాదాపు సున్నా అయితే ఆ బిందువు దగ్గర మామూలు ఘర్షణ వాడడమే మేలు.

దీర్ఘవృత్తం ముందుకీ వెనక్కీ ఒకటే హద్దు ఇస్తుంది. పాముకది చాలదు. పొడవు దిశలో వేగం గుర్తును (ముందుకా, వెనక్కా అన్నదాన్ని) బట్టి గుణకం మార్చాలి, అదీ సున్నా దగ్గర చిన్న వేగపరిధిలో మెల్లగా. ఒక్కసారిగా మార్చితే ఆ భాగం వణుకుతుంది.

లెక్క వేగంగా సాగాలని కొన్ని ఇంజన్లు రెండు అక్షాల మీదా ఘర్షణను విడివిడిగా పరిమితం చేస్తాయి. రెండు గుణకాలూ సమానమైతే హద్దు అప్పుడు చతురస్రం అవుతుంది, మూలవైపు ఘర్షణ 1.41 రెట్లు దాకా పెరుగుతుంది. కాబట్టి ముందు రెండు గుణకాలూ సమానంగా పెట్టి, ఒక పెట్టెను ఒకే వేగంతో రకరకాల దిక్కులకు జార్చి చూడండి. ఆగే దూరాలు తేడాగా వస్తే ఆ దిశాభేదం మీ పాముది కాదు, ఇంజన్‌ది. తర్వాత అసలు గుణకాలు పెట్టి పెట్టెను 30 డిగ్రీల వాలు మీద ఉంచండి. పొడవు దిశ వాలు వెంట ఉంటే జారాలి, అడ్డంగా ఉంటే నిలవాలి, ఏటవాలుగా 45 డిగ్రీల్లో ఉంటే పక్కకు మళ్ళుతూ జారాలి.